కాలేజీ అప్లికేషన్లలో పిల్లల పనేంటి, పెద్దవాళ్ళ పనేంటి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో హైస్కూల్ చదువుతున్న పిల్లల గురించే. అవన్నీ వరసగా చదువుతుంటే ఒక సంగతి పదేపదే కనిపించింది. వ్యాసాలు రాయడం, టీచర్లకు మెయిల్ పెట్టడం, ఏ క్లబ్బులో చేరాలో తేల్చుకోవడం, ఇలా పిల్లలు చెయ్యాల్సిన పనులన్నీ పెద్దవాళ్ళు నెత్తిన వేసుకుంటున్నారు. పెద్దవాళ్ళు మాత్రమే చెయ్యగలిగినవి, అంటే డబ్బు లెక్క తేల్చడం, వీసా సంగతి చూసుకోవడం, ఇవేమో పన్నెండో తరగతి దాకా అలాగే పడి ఉంటున్నాయి. కింది జవాబుల్లో నేను మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మాయి ఈ సెప్టెంబరులో తొమ్మిదో తరగతికి వెళ్తోంది. మా వీధిలో ఇద్దరు అప్పుడే కన్సల్టెంట్‌ని పెట్టుకున్నారు. ఒకావిడ "మీరింకా ఏమీ మొదలుపెట్టలేదా?" అని అడిగినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. నేను, మావారు ఎంసెట్ రాసి ఇంజినీరింగ్ చేసినవాళ్ళం, ఇక్కడి పద్ధతి మాకు అర్థం కాదు. ఇప్పటి నుంచి ఏం చెయ్యాలి?
- ఒక అమ్మ, న్యూజెర్సీ

జవాబు: ముందు హాయిగా నిద్రపోండమ్మా, మీరేమీ ఆలస్యం చెయ్యలేదు. ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు, ఆ తర్వాత కౌన్సెలింగ్ అనే దారిలో వచ్చినవాళ్ళకి ఇక్కడ కూడా ఎక్కడో ఒక ఎంసెట్ ఉంటుందని, మిగతావాళ్ళు దానికి ముందే కోచింగ్ మొదలెట్టేశారని అనిపించడం సహజం. ఇక్కడ అలాంటి ఒక్క రోజు అంటూ లేదు. కాలేజీవాళ్ళు మొట్టమొదట చూసేది ట్రాన్‌స్క్రిప్ట్, అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా మీ అమ్మాయి ఏ క్లాసులు తీసుకుంది, వాటిలో ఏ గ్రేడ్లు వచ్చాయి అన్నది. కాబట్టి తొమ్మిదో తరగతిలో చెయ్యాల్సిన అసలు పని క్లాసులు సరిగ్గా ఎంచుకోవడం, వాటిని శ్రద్ధగా చదవడం. ఇంత మామూలు విషయం చెప్తున్నానేంటి అనుకోకండి, నాలుగేళ్ళ తర్వాత అప్లికేషన్‌లో బరువు తూగేది ఇదే.

లెక్కల దగ్గర మాత్రం కాస్త ముందుచూపు కావాలి. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, ఆ తర్వాత కాలిక్యులస్, ఇదీ మామూలు వరస. మీ అమ్మాయి ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 చేసి ఉంటే పన్నెండులో కాలిక్యులస్ దానంతటదే వస్తుంది. తొమ్మిదిలో మొదలుపెడుతుంటే, ఇంజినీరింగ్ లాంటి వాటి మీద ఆసక్తి ఉంటే, ఎండాకాలంలో ఒక కోర్సు చెయ్యడమో ఒకే ఏడాది రెండు లెక్కల క్లాసులు తీసుకోవడమో కుదురుతుందేమో కౌన్సెలర్ని అడగాలి. అడగాల్సింది మీరు కాదు, మీ అమ్మాయి. ఒక్కో కౌన్సెలర్‌కి 250 మందికి మించి పిల్లలు ఉండకూడదని అమెరికాలోని స్కూల్ కౌన్సెలర్ల సంఘమే అంటుంది గానీ చాలా పబ్లిక్ స్కూళ్ళలో అంతకంటే ఎక్కువ మందే ఉంటారు. పన్నెండులో మీ అమ్మాయి గురించి ఉత్తరం రాయాల్సిన మనిషి ఆ కౌన్సెలరే. కాబట్టి ఇప్పటి నుంచే ముఖపరిచయం ఉండాలి, అది అమ్మ రాసే మెయిల్స్‌తో వచ్చే పరిచయం కాదు.

పక్కింటి పిల్లలు పదిహేను ఏపీ క్లాసులు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి క్లాసులు) తీసుకుంటున్నారని లెక్కలు వేసుకోవద్దు. ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు స్కూల్ ప్రొఫైల్ అనే కాగితం కూడా కాలేజీకి వెళ్తుంది. ఆ స్కూల్లో ఏ క్లాసులు ఉన్నాయి, గ్రేడ్లు ఎలా వేస్తారు అన్నది అందులో ఉంటుంది. మీ స్కూల్లో ఎనిమిది ఏపీలే ఉంటే ఆ ఎనిమిదిలో మీ అమ్మాయి ఏం తీసుకుందో చూస్తారు తప్ప ఇంకో ఊళ్ళో ఇరవై అయిదు ఉన్నాయని తగ్గించి చూడరు.

ఇక మీ అమ్మాయి చేత ఒక చిన్న పని చేయించండి. ఒక నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో తను బడి బయట చేస్తున్నవి, ఏ నెల నుంచి, వారానికి సుమారు ఎన్ని గంటలు అన్నది అప్పుడప్పుడు రాసుకోమనండి. చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే కామన్ యాప్‌లో 10 యాక్టివిటీస్ దాకా పెట్టొచ్చు, ప్రతిదానికీ వారానికి ఎన్ని గంటలు, ఏడాదిలో ఎన్ని వారాలు అని అడుగుతారు, మూడేళ్ళ కిందటివి పన్నెండులో ఎవరికీ గుర్తుండవు. ఇంట్లో తాతగారిని చూసుకోవడం, తమ్ముడికి చదువు చెప్పడం లాంటి కుటుంబ బాధ్యతలకి కూడా అందులో చోటుంది. మన ఇళ్ళలో పిల్లలు ఇవి చాలా చేస్తారు, చెప్పుకోవాలని వాళ్ళకి తోచదు.

కన్సల్టెంట్ సంగతి అంటారా, తొమ్మిదో తరగతిలో నేనైతే ఒక్క డాలరు కూడా పెట్టను. ఫలానా కాలేజీలో సీటు గ్యారంటీ అన్నవాళ్ళ గుమ్మం అసలు తొక్కకండి.

ప్రశ్న: మా వాడు పదకొండో తరగతి, కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ వద్దంటాడు. ర్యాంకింగ్స్‌లో మొదటి ముప్పై కాలేజీలు తీసుకుని అన్నిటికీ పెట్టేస్తే ఏదో ఒకటి తగలదా?
- ఒక నాన్న, కాలిఫోర్నియా

జవాబు: తగలకపోవచ్చండీ, పైగా పిల్లాడు నలిగిపోతాడు. కామన్ యాప్ 20 కాలేజీల దగ్గర ఆపేస్తుంది, అది పక్కన పెట్టినా ఒక్కో కాలేజీకి విడిగా ఒకటో రెండో, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువో వ్యాసాలు రాయాలి. పైవరస కాలేజీల్లో కొన్ని వందకి అయిదుగురిని కూడా తీసుకోవు. అలాంటివి ముప్పై పేర్చినా ఒక్కొక్క దాంట్లో అవకాశం అంత సన్ననే. ర్యాంకింగ్ చూసి లిస్టు రాసుకోవడం కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టించుకోవడం లాంటిది.

మీవాడి లిస్టు రెండు ప్రశ్నలతో మొదలవ్వాలి. ఒకటి, ఆ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు ఎలా ఇస్తారు? సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ గానీ, ఇల్లినాయ్ అర్బానా షాంపేన్ గానీ తీసుకోండి, అప్లికేషన్‌లోనే కంప్యూటర్ సైన్స్ అడిగి నేరుగా సీటు తెచ్చుకోవాలి. ముందు ఇంకో మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) దూరి తర్వాత మారదాం అనే ఎత్తు అక్కడ పారడం చాలా కష్టం. ఇల్లినాయ్‌లో కంప్యూటర్ సైన్స్‌ని గణితంతోనో, భాషాశాస్త్రంతోనో, ఎకనామిక్స్‌తోనో కలిపిన డిగ్రీలు కూడా ఉన్నాయి, మీవాడికి వాటిలో ఏదైనా నిజంగా నచ్చుతుందేమో చూసుకోమనండి. ఇంకొన్ని కాలేజీల్లో చేరాక రెండో ఏడాదిలో మేజర్ చెప్తే చాలు. పేరు ఒకటే అయినా ఇవి రెండూ పూర్తిగా వేరు దారులు.

రెండో ప్రశ్న, ఆ కాలేజీ దేన్ని ముఖ్యమనుకుంటుంది? దీనికి ఊహాగానాలు అక్కర్లేదు. కాలేజీ పేరు కొట్టి పక్కన కామన్ డేటా సెట్ అని వెతకండి, చాలా కాలేజీలు ఆ పత్రం ఏటా పెడతాయి. అందులో సీ7 అనే పట్టిక ఉంటుంది. గ్రేడ్లు, పరీక్ష స్కోరు, వ్యాసం, సిఫారసు ఉత్తరం, తల్లిదండ్రులు అక్కడ చదివారా లేదా, కాలేజీ మీద విద్యార్థి చూపించిన ఆసక్తి, ఇలా ఒక్కొక్క దానికీ ఎదురుగా "చాలా ముఖ్యం", "ముఖ్యం", "చూస్తాం", "చూడం" అని టిక్కు పెట్టి ఉంటుంది. ఆసక్తి దగ్గర "చూడం" అని ఉన్న కాలేజీ కోసం విమానం టికెట్లు కొనుక్కుని క్యాంపస్ టూరుకి వెళ్ళినందువల్ల సీటు విషయంలో ఒరిగేదేమీ ఉండదు. "చూస్తాం" అని ఉంటే వాళ్ళు పెట్టే ఆన్‌లైన్ సెషన్‌కి మీవాడు తన పేరుతో రిజిస్టర్ అయ్యి వెళ్ళాలి. ఒక సాయంత్రం తండ్రీకొడుకులు కూర్చుని అయిదారు కాలేజీల సీ7లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ర్యాంకింగ్ చెప్పని సంగతులు బోలెడు తెలుస్తాయి.

మీది కాలిఫోర్నియా కాబట్టి ఇంకొక మాట. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాలేజీలు ఎస్ఏటీ, ఏసీటీ అనే ప్రవేశ పరీక్షల స్కోర్లు అసలు చూడవు, జీపీఏ పది, పదకొండు తరగతుల గ్రేడ్లతో లెక్కేస్తాయి, ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి ఒక్కోటి 350 మాటలకు మించకుండా జవాబు రాయమంటాయి. వాటి అప్లికేషన్ వేరు, గడువు నవంబరు చివరికల్లా వచ్చేస్తుంది. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి ట్రాన్స్‌ఫర్ అయ్యే దారిని మనవాళ్ళు చిన్నచూపు చూస్తారు గానీ డేవిస్, అర్వైన్, శాంటా బార్బరా సహా ఆరు యూసీ క్యాంపస్‌లు షరతులు నెరవేర్చిన ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకి సీటు హామీ ఇస్తాయి. కంప్యూటర్ సైన్స్‌కి ఆ హామీ చాలా చోట్ల వర్తించదు, క్యాంపస్ వారీగా చూసుకోండి.

ప్రశ్న: ఇప్పుడు టెస్ట్ ఆప్షనల్, అంటే స్కోరు పంపడం మన ఇష్టం కదా, ఎస్ఏటీ మానేయమంటారా? మా బాబు ఎలాగూ క్లాసులో టాప్‌లోనే ఉన్నాడు, యూటీ ఆస్టిన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆటోమేటిక్‌గా వచ్చేస్తుందని ధీమాగా ఉన్నాం.
- టెక్సస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ ధీమా కొంచెం తగ్గించుకోవాలండీ. 1997లో వచ్చిన చట్టం ప్రకారం టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలు క్లాసులో మొదటి పది శాతంలో ఉన్నవాళ్ళని చేర్చుకోవాలి, కానీ యూటీ ఆస్టిన్‌కి విడిగా మినహాయింపు ఉంది. అక్కడ చాలాకాలం 6 శాతంగా ఉన్న గీత 2026 ఫాల్‌లో చేరేవాళ్ళకి 5 శాతానికి దిగింది. పోటీ ఎక్కువున్న స్కూళ్ళలో 5కి 6కి మధ్య చాలామంది మంచి పిల్లలు ఉంటారు. ఇంకో సంగతి, ఆ ఆటోమేటిక్ సీటు యూనివర్సిటీలో సీటు మాత్రమే, కోరుకున్న మేజర్‌లో సీటు కాదు. కంప్యూటర్ సైన్సో ఇంజినీరింగో కావాలంటే వ్యాసాలు, యాక్టివిటీస్ అన్నీ మిగతావాళ్ళతో పాటు చూస్తారు.

ఎస్ఏటీ రాయించండి. యూటీ ఆస్టిన్ 2025 ఫాల్‌లో చేరిన బ్యాచ్ నుంచి స్కోరు తప్పనిసరి చేసింది. ఎంఐటీ 2022లోనే వెనక్కి తెచ్చింది, 2024లో హార్వర్డ్, కాల్‌టెక్, డార్ట్‌మత్, బ్రౌన్ అదే బాట పట్టాయి. ఇప్పుడు పరీక్ష కంప్యూటర్ మీదే, 2 గంటల 14 నిమిషాలు, లెక్కల భాగం మొత్తానికీ కాలిక్యులేటర్ వాడుకోవచ్చు. కాలేజ్ బోర్డ్ వాళ్ళ బ్లూబుక్ యాప్‌లో పూర్తి నిడివి ప్రాక్టీస్ పరీక్షలు ఉచితం, ఖాన్ అకాడమీ పాఠాలు ఉచితం. పదకొండో తరగతి వసంతంలో ఒకసారి, అవసరమైతే పన్నెండు మొదట్లో ఇంకోసారి. నాలుగోసారి, అయిదోసారి రాయించడం కంటే ఆ శనివారాలు బాబుకి వదిలెయ్యండి.

ప్రశ్న: మేము హెచ్-1బీ మీద ఉన్నాం, గ్రీన్‌కార్డ్ లైన్ ఎప్పటికి కదులుతుందో తెలియదు. పెద్దమ్మాయి ఇండియాలో పుట్టింది, హెచ్-4 (మా మీద ఆధారపడ్డ వీసా), ఇప్పుడు పదో తరగతి. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు. పెద్దదానికి ఫాఫ్సా ఉండదట, ఇన్-స్టేట్ ఫీజు ఉండదట, ఉద్యోగం చెయ్యకూడదట, 21 దాటితే వెళ్ళిపోవాలట. తలో మాట చెప్తున్నారు. దానికి ఈ విషయాలేవీ చెప్పలేదు, భయపడుతుందని.
- పేరు రాయవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. మన కుటుంబాల్లో ఎంతోమంది ఇదే బరువు మోస్తున్నారు, ఎవరూ పైకి చెప్పుకోరు. ఒక్కొక్కటిగా విడదీద్దాం, ఎందుకంటే మీరు విన్నవాటిలో కొన్ని నిజం, కొన్ని సగం నిజం.

ఫాఫ్సా అనే ఫారంతో అడిగే ఫెడరల్ ప్రభుత్వ సాయం హెచ్-4 పిల్లలకి రాదు, అది నిజం. దానికి సిటిజన్ గానీ, గ్రీన్‌కార్డ్ గానీ, ఇంకొన్ని ప్రత్యేక కేటగిరీల్లో గానీ ఉండాలి. చూసేది మాత్రం విద్యార్థి స్టేటస్, తల్లిదండ్రులది కాదు. కాబట్టి మీ చిన్నవాడికి మీరు ఏ వీసా మీద ఉన్నా ఫాఫ్సాకి అడ్డం లేదు. చాలామంది ఇది తెలియక అసలు నింపడమే మానేస్తున్నారు.

పెద్దమ్మాయికి కాలేజీలు తమ సొంత డబ్బుతో ఇచ్చే సాయం అడగొచ్చు. చాలా ప్రైవేట్ కాలేజీలు ఈ విషయంలో హెచ్-4 పిల్లల్ని ఇంటర్నేషనల్ విద్యార్థుల లెక్కన చూస్తాయి, సాయం అడిగితే అది సీటు నిర్ణయం మీద కూడా పడొచ్చు. అలా పడకుండా, అందరి విషయంలోనూ డబ్బు సంగతి పక్కన పెట్టి సీటు ఇచ్చేవి కొద్దిగానే ఉన్నాయి: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ లాంటివి. వాటిలో సీటు ఎంత కష్టమో మీకు తెలుసు, అందుకని అవొక్కటే నమ్ముకోకుండా, గ్రేడ్లు చూసి మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చే కాలేజీలు, అవి హెచ్-4 వాళ్ళకీ ఇస్తాయా లేదా అన్నది మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఇన్-స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రంలో నివాసముండేవాళ్ళకి ప్రభుత్వ కాలేజీల్లో ఉండే తక్కువ ఫీజు, అసలు ఉండదన్నది తప్పు. అది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి చోట్ల హెచ్-4 మీద ఉన్నవాళ్ళు నివాస షరతులు నెరవేరిస్తే ఇన్-స్టేట్‌గా లెక్కలోకి రావచ్చు. చిక్కు ఎక్కడంటే, 21 నిండేలోపు హెచ్-4 నుంచి ఎఫ్-1కి (స్టూడెంట్ వీసాకి) మారాలి, మారాక చాలా చోట్ల ఆ ఇన్-స్టేట్ హోదా నిలవదు. మీ అమ్మాయి కాలేజీలో ఏ సెమిస్టర్‌లో ఉండగా 21 నిండుతుందో ఇప్పుడే క్యాలెండర్ తీసి చూడండి. మొదటి రెండేళ్ళు ఒక ఫీజు, తర్వాత ఇంకో ఫీజు కట్టాల్సి వస్తుందేమో ఆ లెక్కతో నాలుగేళ్ళ ఖర్చు వేసుకోవాలి, మొదటి ఏడాది ఖర్చుతో కాదు. ఆ కాలేజీ రెసిడెన్సీ ఆఫీసుని అడిగే ప్రశ్న ఇదే: "చదువు మధ్యలో ఎఫ్-1కి మారితే ఫీజు మారుతుందా?"

ఉద్యోగం సంగతి కూడా అంతే. హెచ్-4 పిల్లలు జీతం తీసుకునే పని చెయ్యకూడదు. ఇంటర్న్‌షిప్పులు ముఖ్యమైన మేజర్ అయితే కొందరు 21 దాకా ఆగకుండా ముందే ఎఫ్-1కి మారతారు, ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు కాలేజీలో ఒక విద్యా సంవత్సరం చదివాక సీపీటీ అనే అనుమతితో చదువుకి సంబంధించిన పని చేసుకోవచ్చు, డిగ్రీ తర్వాత పని చెయ్యడానికి ఓపీటీ అనే అనుమతి ఉంటుంది. ఎఫ్-1కి ఫీజు కట్టగలమని డబ్బు చూపించాలి, అమెరికాలో ఉండే మార్చుకుంటే అప్లికేషన్ తేలడానికి నెలలు పట్టొచ్చు. వయసు లెక్కలో గ్రీన్‌కార్డ్ పిటిషన్ పెండింగ్‌లో ఉన్న కాలాన్ని తీసేసే చట్టం 2002 నుంచి ఉంది, అది మీ కేసుకి ఎంతవరకు పనికొస్తుందో ఇమిగ్రేషన్ లాయర్ ఒక్కరే చెప్పగలరు, వాట్సాప్ గ్రూపు కాదు. లాయర్ దగ్గరికి ఈ ఏడాదే వెళ్ళండి.

ఇక మీరు చివర్లో రాసిన మాట. పదో తరగతి పిల్లకి ఇంట్లో ఏదో దాస్తున్నారని తెలియకుండా ఉండదు. స్నేహితురాళ్ళంతా ఎండాకాలంలో ఐస్‌క్రీమ్ షాపులో పనికి వెళ్తుంటే తనకి ఎందుకు వద్దన్నారో తనకి ఇప్పటికే అనుమానం ఉండి ఉంటుంది. లాయర్‌తో మాట్లాడి వచ్చాక, భయపెట్టే గొంతుతో కాకుండా, కాగితం మీద ఏళ్ళు రాసి చూపించి చెప్పండి. ఆ తర్వాత కాలేజీ లిస్టు తను వేసుకుంటుంది, తెలిసి వేసుకుంటుంది. పన్నెండో తరగతి మార్చిలో సీటు వచ్చిన కాలేజీకి "పంపలేం" అని చెప్పడం దీనికంటే వంద రెట్లు కష్టం.

ప్రశ్న: మా ఇద్దరి జీతాలూ బాగానే ఉన్నాయి. ఫాఫ్సా దండగ అంటున్నారు ఫ్రెండ్స్. ఎర్లీ డెసిషన్ పెడితే ఛాన్స్ పెరుగుతుందని అమ్మాయి పట్టుబడుతోంది. ఏం చెయ్యమంటారు?
- వర్జీనియా నుంచి

జవాబు: ఫాఫ్సాకి ఇంత జీతం దాటితే నింపకూడదన్న గీత ఏమీ లేదు. గ్రాంట్ రాకపోయినా, మొదటి ఏడాది విద్యార్థి పేరు మీద వచ్చే 5,500 డాలర్ల ఫెడరల్ లోన్‌కి కూడా అది నింపి ఉండాలి. సాధారణంగా అక్టోబరు 1న తెరుస్తారు. చాలా ప్రైవేట్ కాలేజీలు సాయం కోసం సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఇంకొకటి అడుగుతాయి, అది ఇంకా లోతుగా వెళ్తుంది.

చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి, ఈ ఫారాలు చూసేది ఏ ఏడాది ఆదాయం అన్నది. కాలేజీలో చేరే ఏడాదికి రెండేళ్ళ ముందు ట్యాక్స్ రిటర్న్ చూస్తారు. అంటే పిల్లలు పదో తరగతి మధ్యలో ఉన్న జనవరి నుంచి పదకొండో తరగతి మధ్యలో ఉన్న డిసెంబరు దాకా మీకు వచ్చిన ఆదాయం. ఆ ఏడాది కంపెనీ షేర్లు పెద్ద మొత్తంలో అమ్మితే అది లెక్కలోకి వస్తుంది. మీరుండే ఇల్లు ఫాఫ్సాలో లెక్కలోకి రాదు, హైదరాబాద్‌లో పెట్టుబడికి కొన్న ఫ్లాట్ మాత్రం వస్తుంది. పిల్లల పేరు మీద వేసిన కస్టోడియల్ అకౌంట్లో డబ్బుని 20 శాతం చొప్పున లెక్కేస్తారు, తల్లిదండ్రుల పేరు మీదున్న 529 అనే కాలేజీ పొదుపు ప్లాన్‌లో డబ్బుని 6 శాతం లోపే. ఇంట్లో ఇద్దరు ఒకేసారి కాలేజీలో ఉంటే ఫాఫ్సాలో దొరికే వెసులుబాటు 2024-25 నుంచి తీసేశారు, కవలలున్నవాళ్ళు గమనించాలి.

ఎర్లీ డెసిషన్ అంటే సంతకం పెట్టి ఇచ్చే మాట. సీటు ఇస్తే చేరతాం, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకుంటాం అని విద్యార్థి, తల్లిదండ్రి, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. గడువు ఎక్కువగా నవంబరు 1 లేదా 15, జవాబు డిసెంబరు మధ్యలో. ఇచ్చిన సాయం నిజంగా సరిపోకపోతే బయటికి రావచ్చు గానీ, ఇతర కాలేజీలు ఎంత ఇస్తాయో పోల్చి చూసుకునే అవకాశం ఉండదు. కాబట్టి సంతకానికి ముందు ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ తెరవండి, ఫెడరల్ సాయం తీసుకునే కాలేజీలు దాన్ని పెట్టి తీరాలని 2011 నుంచి నియమం. మీ నిజమైన అంకెలు వెయ్యండి. కొన్ని ప్రైవేట్ కాలేజీల్లో అన్నీ కలిపి ఏడాదికి 90,000 డాలర్లు దాటింది, అంత కట్టగలమా, కట్టాలనుకుంటున్నామా అన్నది మీరిద్దరూ ముందు తలుపు వేసుకుని మాట్లాడుకుని, తర్వాత అమ్మాయికి ఒక అంకె చెప్పండి. "చూద్దాంలే" అనొద్దు. ఆ అంకెలో సరిపోయి, అమ్మాయికి నిజంగా అన్నిటికంటే అదే ఇష్టమైతే ఎర్లీ డెసిషన్ పెట్టమనండి. మెరిట్ స్కాలర్‌షిప్పులు పోల్చుకుని వెళ్ళాలనుకుంటే ఎర్లీ యాక్షన్ మంచిది, జవాబు త్వరగా వస్తుంది, కట్టుబడి ఉండక్కర్లేదు.

ప్రశ్న: నేను పన్నెండో తరగతి. మా అమ్మ తెలుగులో టైప్ చేసి పెడుతోంది. కామన్ యాప్ వ్యాసంలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి పడ్డ కష్టాలు రాయమంటున్నారు ఇంట్లో. నాకు అది నా కథలా అనిపించట్లేదు. యాక్టివిటీస్‌లో కూడా ఏం రాయాలో తెలియట్లేదు.

జవాబు: నీకు అనిపించిందే నిజం నాన్నా. ఆ కష్టం అమ్మానాన్నలది, అది గొప్పదే, కానీ అడ్మిషన్ ఆఫీసులో చదివేవాళ్ళకి కావాల్సింది నువ్వు ఎలా ఆలోచిస్తావన్నది. 650 మాటలే ఉన్నాయి, అందులో నాలుగొందలు నాన్నగారికి వెళ్ళిపోతే నీకు మిగిలేదెంత? ఆ వలస కథ నీ రోజువారీ జీవితంలో ఎక్కడైనా తగులుతుంటే, ఉదాహరణకి నాన్నమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి ఆవిడ తెలుగు, డాక్టర్ ఇంగ్లిష్ మధ్య నువ్వు మాట అందిస్తుంటే, ఆ గదిలో నువ్వేం దాచావు, ఏం మార్చి చెప్పావు, ఎందుకు అన్నది రాయి. అది నువ్వు తప్ప ఎవరూ రాయలేరు. పెద్ద విషయమే కావాలని లేదు.

యాక్టివిటీస్‌లో ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. "తెలుగు బడిలో వాలంటీర్‌గా పిల్లలకు సహాయం చేశాను, నాయకత్వం నేర్చుకున్నాను" అని రాస్తే అందులో ఏమీ లేదు. "ఏడేళ్ళ పిల్లలు తొమ్మిది మందికి గుణింతాలు నేర్పాను, చదవడానికి భయపడేవాళ్ళ కోసం బొమ్మల కార్డులు గీశాను" అంటే మనిషి కనిపిస్తున్నాడు. క్రియతో, అంకెతో రాయి. నేర్చుకున్న గుణాల పేర్లు వదిలెయ్యి. చాట్‌బాట్‌తో రాయించకు, చాలా కాలేజీలు దాన్ని మోసం కిందే చూస్తాయి, పైగా అది రాసింది నీలా ఉండదు. అమ్మకి ఒక మాట: టైప్ చేసి పెట్టినందుకు సంతోషం, వ్యాసం మాత్రం చదివి "ఇది నువ్వేనా?" అని అడిగి ఊరుకోండి, దిద్దకండి.

ప్రశ్న: సిఫారసు ఉత్తరాలు ఏ టీచర్లని అడగాలి, ఎప్పుడు?
- జార్జియా నుంచి ఒక అమ్మ

జవాబు: పదకొండో తరగతిలో మెయిన్ సబ్జెక్టులు చెప్పిన ఇద్దరు. ఎంఐటీ లాంటి చోట్ల ఒకరు లెక్కలు లేదా సైన్సు, ఇంకొకరు హ్యుమానిటీస్ అని అడుగుతారు కాబట్టి అలా చెరొకరు ఉంటే అన్నిటికీ సరిపోతుంది. ఏ ప్లస్ ఇచ్చిన టీచరే కానక్కర్లేదు, కష్టపడి పైకి రావడం చూసిన టీచర్ ఇంకా బాగా రాస్తారు. పదకొండో తరగతి సెలవులకు ముందే, మే నెలలో, పిల్లలే వెళ్ళి ఎదురుగా అడగాలి. కొందరు టీచర్లు ఏడాదికి ఇన్ని అని పరిమితి పెట్టుకుంటారు, ముందు అడిగినవాళ్ళకే దొరుకుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి డిసెంబరులోనే కోరుకున్న కాలేజీలో సీటు వచ్చింది. అప్పటి నుంచి పుస్తకం ముట్టడం లేదు. ఫిజిక్స్‌లో ఎప్పుడూ ఏ వచ్చేది, ఇప్పుడు డి దగ్గర ఉంది. ఇప్పుడిక ఎవరు చూస్తారని అంటాడు.
- ఒహాయో నుంచి

జవాబు: చూస్తారండీ. ఇచ్చిన సీటు షరతుతో ఇచ్చినదే, ఆ అడ్మిషన్ లెటర్ మళ్ళీ తీసి వాడి చేతే చదివించండి, చదువు ఇలాగే కొనసాగాలని అందులో రాసే ఉంటుంది. జూన్‌లో స్కూల్ ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ పంపుతుంది. ఏ నుంచి బి కి జారితే పెద్దగా పట్టించుకోరు. డి వస్తే వివరణ అడుగుతారు, సీటు వెనక్కి తీసుకునే హక్కు కూడా వాళ్ళకుంది. మే 1కి డిపాజిట్ కట్టేసి ఉంటే మిగతా కాలేజీల తలుపులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. కాబట్టి ఈ వారమే వాడు ఫిజిక్స్ టీచర్ని కలిసి ఏ అసైన్‌మెంట్లు ఇంకా ఇవ్వొచ్చో, గ్రేడ్ ఎంతవరకు పెంచుకోవచ్చో అడగాలి. ఎంత చేసినా సి కంటే పైకి రాదని తేలితే, ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్ళేదాకా ఆగకుండా స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడి, ఆ కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకి తనే నాలుగు నిజాయితీ వాక్యాల మెయిల్ రాయాలి. మీరు రాసి పెట్టకండి.